పుల్లయ్య తాత హ్యాండిల్ ఎత్తించిన సంగతి

పుల్లయ్య తాతకు నీళ్ళంటే భయం. తరతరాలుగా వల విసిరి బతికిన ఇంట్లో పుట్టినవాడికి ఈ జబ్బు ఎలా అంటుకుందని బంధువులు ఎప్పుడూ వింతగా చెప్పుకునేవారు. చిన్నప్పుడు బందరు దగ్గర వాళ్ళ నాన్నతో పడవెక్కితే అది బోల్తా కొట్టింది. వల కాళ్ళకు చుట్టుకుంది. కాసేపు పచ్చటి చీకటి తప్ప ఏమీ కనపడలేదు. మనిషిని పైకి లాగారు గానీ ఆ చీకటి కూడా ఆయనతోపాటే ఒడ్డెక్కింది. స్నానానికి గంగాళం నిండుగా తోడిపెడితే తాత సగం పారబోసి అప్పుడు పీట మీద కూర్చునేవాడని ఆయన భార్య గంగారత్నం మామ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేది.

పడవెక్కనివాడు చేపలతో ఎలా బతకాలి? సైకిలెక్కి బతికాడు. తెల్లారేసరికి పామర్రు సెంటర్లో వ్యాను దగ్గర చేపలు కొనేవాడు. ఐసు వేసిన తట్టను క్యారియర్‌కు కట్టుకుని, కాలువ గట్టు వెంట ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. పక్కనే అంత కాలువ పారుతుంటే భయం వెయ్యదా అని ఎవరైనా అడిగితే, తాను దాన్ని చూడనని చెప్పేవాడు. అది నిజమే. ఆయన తాటిచెట్టంత మనిషి, సైకిలు హ్యాండిలేమో బాగా కిందికి ఉండేది. దాని మీదికి వంగితే ముందు చక్రం, దాని ముందు కాస్త మట్టి, అంతే లోకం.

తొంభై ఎనిమిది వానాకాలానికి ఆ వంగుడే ఆయన కొంప మీదికి తెచ్చింది. నడుం పట్టేసి, సైకిలు దిగాక కూడా మనిషి నిటారుగా నిలబడలేకపోయాడు. ఊళ్ళో మందులిచ్చే డాక్టరు గారు ఇలాగే వంగి తొక్కితే సైకిలు మానుకోవాల్సిందేనన్నారు. ఈ మాట తాత అన్నగారి కొడుకు రామాంజనేయులు చెవిన పడింది. వాడికి సొంత పడవుంది.

"నడుం పోతే పోయింది చిన్నాన్నా. పడవలోకి వచ్చెయ్. కూర్చుని వల సర్దుదువుగాని" అన్నాడు, మేలు చేస్తున్నట్టు.

ఆ పూట తాతకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే సెంటర్లో ఇశ్రాయేలు సైకిలు షాపు ముందు నిలబడ్డాడు. ఇశ్రాయేలు హ్యాండిల్ నడుమ ఉన్న బోల్టు వదులు చేసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, హ్యాండిల్‌ను కాడతో సహా పైకి లాగాడు. కాడ మీద ఒక గీత ఉంది. అది బయటికి కనపడితే లోపల పట్టు చాలదని చెప్పి, గీత దాకా ఎత్తి గట్టిగా బిగించాడు. ఇక దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

తాత ఎక్కి కూర్చున్నాడు. నడుం నిలువునా నిలబడింది. చేతులు హాయిగా చాచుకున్నాయి. పెళ్ళికొడుకులా కూర్చుని గట్టెక్కాడు. ఎక్కి తల ఎత్తాడో లేదో, కాలువ కనపడింది.

మొత్తం కనపడింది. ఎర్రటి కొత్త నీరు గట్టును ఒరుసుకుంటూ, సుడులు తిరుగుతూ, గుర్రపుడెక్కను మోసుకుపోతోంది. ఇన్నేళ్ళూ తాను ఇంత నీటి పక్కన తిరిగానా అని తాతకు ఒళ్ళు జలదరించింది. వంగుదామంటే నడుం, వంగకపోతే నీళ్ళు. నడుం ఎలా ఉందని మామ్మ అడిగితే బాగుందన్నాడు. రెండో సంగతి చెప్పలేదు. చెబితే అది పడవ దాకా పోతుంది.

భయం ఒకచోట కుదురుగా ఉండదు. హ్యాండిల్ కాడ ఇప్పుడు బయటికి కనపడుతోందిగా, ఐసు నీళ్ళు, చేపల ఉప్పు తగిలి తుప్పు పట్టి విరిగిపోతుందేమోనని తాతకు కొత్త గుబులు పట్టుకుంది. వాళ్ళ ఇంట్లో తుప్పుకీ, ఉప్పుకీ, పుచ్చుకీ ఒకటే మందు: సొరచేప నూనె. పడవ చెక్కలకు ఏటా పట్టిస్తారు. తాత బోల్టు విప్పి, కాడ బయటికి తీసి, పసిబిడ్డకు రాసినట్టు నూనె దట్టంగా రాసి, మళ్ళీ దింపి బిగించాడు. ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతుందని అదొక భయం. అందుకని మెత్తగా బిగించాడు.

మూడోనాడు గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. తాత హ్యాండిల్‌ను పొలం వైపు తిప్పాడు. హ్యాండిల్ తిరిగింది. చక్రం తిరగలేదు. అది తిన్నగా నీళ్ళ వైపు పోతోంది. తాత ఇంకా తిప్పాడు. హ్యాండిల్ గుండ్రంగా తిరిగి, నూనె జారి, కాడతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు, సైకిలు తట్టతో సహా కాలువలోకి దొర్లింది. ట్రాక్టరు వాడు చూసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఐసు తేలింది, చేపలు తేలాయి. సైకిలు వెనక చక్రం మాత్రం పైకి కనపడుతూ, మెల్లగా ప్రవాహంలోకి జరుగుతోంది.

అక్కడ గేదెను మేపుతున్న సంపూర్ణమ్మ పరిగెత్తుకొచ్చింది. ఊళ్ళోకి పోయి మనుషుల్ని తెస్తానంది. తాత చక్రం వైపు చూశాడు. మనుషులు వచ్చేసరికి అది ఉండదు. అది లేకపోతే రేపటి నుంచి పడవే.

"ఆ పలుపు ఇలా ఇయ్యమ్మా" అన్నాడు.

"గేదె పలుపా? ఎందుకు?"

"నాకు కట్టడానికి."

ఒక కొస నడుముకు కట్టుకున్నాడు. రెండోది గేదె మెడకే ఉంది. దిగాడు. మోకాలు దాటింది. నడుం దాటింది, కళ్ళ ముందు పచ్చగా అయింది. కాళ్ళకు నాచు తగిలితే అది వలే అనిపించి, వెనక్కి రెండడుగులు వేశాడు కూడా. చక్రం ఇంకొంచెం మునిగింది. కళ్ళు మూసుకుని చెయ్యి చాచాడు. ఇనుము తగిలింది. రెండు చేతులా పట్టుకుని, లాగమని తల ఊపాడు. సంపూర్ణమ్మ గేదెను అదిలించింది. తాతా, సైకిలూ కలిసి బురదలో జారుకుంటూ ఒడ్డుకొచ్చారు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకమ్మా. కాళ్ళింకా లోపలే ఉన్నట్టున్నాయి" అన్నాడు తాత, పళ్ళు టకటకలాడుతుంటే.

ఇశ్రాయేలు కాడను వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. కిరసనాయిలుతో కడిగి తుడిచాడు. భయమైతే హ్యాండిల్ మళ్ళీ కిందికి దించమంటారా బాబాయి అని అడిగాడు. తాత గీత దాకా ఎత్తే బిగించమన్నాడు. ఎంత బిగించాలో అంతా బిగించమన్నాడు.

మర్నాటి నుంచి గట్టు దాకా దర్జాగా నిటారుగా తొక్కుకుంటూ వెళ్ళేవాడు. గట్టు రాగానే దిగి, సైకిలును నీళ్ళ వైపు పెట్టి, తాను పొలం వైపు నడిచేవాడు.