వాల్వు నొక్కి పట్టిన మామయ్య

ఈ రోజు మా చెల్లి పెళ్ళి. చర్చిలో గిటార్ నేనే వాయించాలి. పొద్దున్నే మా పాత వాల్వు ఆంప్లిఫయర్ గుర్రుమని మూగబోయింది. మా సిద్ధగోరా బస్తీలో రేడియోలు బాగుచేసే అప్పలస్వామి మామయ్యను బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన ఆంప్లిఫయర్ వెనక రేకు విప్పి, లోపల వెలిగే ఒక గాజు వాల్వును చెక్కపుల్లతో నొక్కగానే గిటార్ పలికింది. వదలగానే ఆగిపోయింది.

"వాల్వు కూచునే సాకెట్ ఖరాబైపోనాది బాబూ. కొత్తది కలకత్తా నుంచే రావాల," అన్నాడు.

"మరిప్పుడేటి చేద్దాం మావా?"

"ఏటి చేత్తాం? నువ్వు వాయించు. నాను నొక్కుతాను."

చర్చిలో పెళ్ళి పాటలు మూడూ అయ్యేదాకా ఆ పెద్దాయన ఆ వాల్వుల వేడి దగ్గరే గొంతుక్కూర్చుని, పుల్ల పట్టుకుని చెమటలు కక్కాడు. నా రెండు చేతులూ గిటార్ మీదే. వాయించడం ఆపితే చెల్లి పెళ్ళి మూగబోతుంది, ఆపకపోతే ఆయన లేవలేడు. మీరైతే ఏం చేసేవారు?