బ్యాంక్స్‌మన్ మునెప్ప తట్టిన తలుపు

అది 2006. కోలారు బంగారు గనులు మూతపడి అయిదేళ్లయింది. ఆండర్సన్‌పేటలో ఒక చిన్న ధర్మ క్లినిక్కులో నేను నర్సుని. నా పని క్లినిక్కులో కంటే వీధుల్లోనే ఎక్కువ. హోమ్ విజిట్లు చేసేదాన్ని. అంటే మంచం పట్టినవాళ్ల, మతిమరుపు ముదిరినవాళ్ల ఇళ్లకు వెళ్లి, రోగినీ రోగిని చూసుకునే మనిషినీ ఇద్దర్నీ చూసి రావడం. నర్సంటే సూది గుచ్చి పోయే మనిషి అనుకుంటారు చాలామంది. సూది రెండు నిమిషాల పని. మిగతాదంతా కూర్చోవడం, చూడటం, అడగటం. ఈ మాట ఇప్పుడింత ధీమాగా చెబుతున్నానంటే, ఆ మూడూ చేయకుండా ఒకసారి బోర్లా పడ్డాను గనకే.

దేవకి పరదాలు గీసే మనిషి. కోలారు జిల్లా పల్లెల్లో పౌరాణిక నాటకాలంటే ఈనాటికీ ప్రాణం పెడతారు. నాటకానికి వెనక దర్బారు, అడవి, రాజవీధి ఉండాలి గదా, ఆ పెద్ద పెద్ద గుడ్డల మీద బొమ్మ వేయడం ఆమె వృత్తి. ఇరవై ఏళ్లు ఒక గురువు దగ్గర పనిచేసింది. రంగు ఆమెది, చెయ్యి ఆమెది, పరదా మూల పేరు మాత్రం గురువుది. ఆయన పోయాక శ్రీనివాసపురం దగ్గరి ఒక పల్లె నాటకం మేష్టరు వచ్చి, దర్బారు పరదా నువ్వే గీయి, నీ పేరే రాసుకో అన్నాడట. నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి తన పేరు. మామిడికాయ అంతా లారీలెక్కి పోయాక నాటకం. అప్పటికి పరదా చేతికి రావాలి. రాకపోతే బెంగుళూరులో ఫ్లెక్సు మీద దర్బారు అచ్చు వేయిస్తామని మేష్టరు ముందే చెప్పాడు.

ఇంట్లో ఆమె, తండ్రి మునెప్ప, ఇద్దరే. మునెప్ప చిత్తూరు వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, గనిలో బ్యాంక్స్‌మన్‌గా రిటైరైనవాడు. బ్యాంక్స్‌మన్ అంటే బావి మూతి దగ్గర నిలబడే మనిషి. కేజీ అనే ఇనుప పంజరంలోకి కూలీలను లెక్కపెట్టి ఎక్కించి, గేటు వేసి, ఇంజన్ డ్రైవరుకు బెల్లు కొట్టి కిందికి దించుతాడు. శిఫ్టు అయ్యాక అదే లెక్కతో పైకి తెప్పించుకుంటాడు. వేలమంది ప్రాణాలు ఆయన చేతి మీదుగా దిగాయి, ఎక్కాయి. అలాంటి మనిషికి డిమెన్షియా వచ్చింది. నిన్న ఏం తిన్నాడో తెలియదు, కూతురు ఒక్కోసారి చెల్లెలవుతుంది, ఒక్కోసారి ఎవరో అవుతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన గోడనానుకుని నిలబడి ఉన్నాడు.

"సైరన్ కూసిందా అమ్మా?" అన్నాడు.

"ల్యా మామా. ఇంగ కుయ్యదు గదా," అన్నాను నేను, పెద్ద తెలివిమంతురాలిలా.

"కుయ్యకపోతే శిఫ్టు యెట్ల ముగిసేది?" అని నన్నే గదమాయించాడు.

దేవకి కష్టం చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. పరదా గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, అది ఆరాక, రంగు తడి ఆరకముందే ఆకాశాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా లాగాలి. మధ్యలో లేచిపోతే ఆరినచోట మచ్చ తేలుతుంది. ఆ మచ్చ ఇంక ఏ రంగుకూ దాగదు. అంటే రోజుకు రెండు గంటలైనా కదలకుండా కూర్చోవాలి. ఇంటి పక్కనే మూతపడిన కట్టెల డిపో షెడ్డులో పరదా పరిచి గీస్తోంది. ఇంటికీ షెడ్డుకూ మధ్య ఒక్క పలకల తలుపు. పది నిమిషాలకోసారి తండ్రి లేస్తాడు, ఆమె లేస్తుంది. అప్పటికే రెండుసార్లు గుడ్డ కడిగి మళ్లీ మొదలుపెట్టింది.

"అక్కా, బొమ్మన్నా ఇడిసిపెట్టాల, నాయన్నన్నా ఇడిసిపెట్టాల. రెండూ నా చేతిలో నిలిచేట్లు ల్యా," అంది.

"రెండూ నిలుస్తాయి. నేను వచ్చినాను గదా," అన్నాను. నా ధీమాకు ఆ రోజుల్లో కొదవలేదు.

ప్లాను వేశాను. పొద్దున స్నానం, నడక. మధ్యాహ్నం సంగటి తిన్నాక రెండు నుంచి నాలుగు దాకా దేవకి పని. ఆయన జేబులో పేరూ వీధీ రాసిన చీటీ. గ్యాసు కట్టేయడం. వీధి తలుపుకు తాళం, షెడ్డు తలుపుకు అవతలి నుంచి గడియ. ఇలాంటి రోగులు తెలియక బయటికి వెళ్లి తిరగడాన్ని మేము వాండరింగ్ అంటాం. గడియ దానికే. అంతా ఒక కాగితం మీద గీతలు కొట్టి రాసి గోడకు అంటించాను. నా ప్లాను నాకే ముద్దొచ్చింది.

మూడో రోజుకు మునెప్ప తలుపు బాదడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అంతా అదే. వారం చివర వెళ్లినప్పుడు నేనూ విన్నాను. ధన్, ధన్, ధన్. కాసేపు ఆగి మళ్లీ ధన్, ధన్, ధన్. షెడ్డులో దేవకి బ్రష్ పట్టుకుని ఏడుస్తోంది. నా కేస్ షీటులో ఇలా రాశాను: 'అజిటేషన్. కారణం లేకుండా తలుపు బాదుతున్నాడు.' అజిటేషన్ అంటే అలజడి, కుదురులేనితనం. ఆ మాట రాస్తే డాక్టరు మాత్ర రాస్తాడు. రాశాడు. ఆయన తప్పేం లేదు, నేను రాసింది చదివే రాశాడు.

మాత్ర పనిచేసింది. మునెప్ప తలుపు బాదలేదు. అన్నమూ సరిగా తినలేదు. నాలుగో రోజు పెరట్లో తూలిపడి నుదురు చీరుకుపోయింది. కబురందుకుని నేను పరుగున వెళ్లేసరికి ఆయన మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, నుదుటి మీద తడిగుడ్డ. దేవకి చేతులు కడుక్కుని, బ్రష్‌లన్నీ ఒక డబ్బాలో వేసి మూత పెట్టేసింది.

"మా నాయన్ని మత్తులో పడేసి నేను దర్బారు గీసేదా అక్కా? అట్లాంటి దర్బారు నాకొద్దు. శుక్రవారం మేష్టరు వస్తాడు. గుడ్డ వాపసు ఇచ్చేస్తాను."

"రెండు దినాలు ఓర్చుకో దేవకీ."

"ఎన్ని దినాలు ఓర్చేది? సుమ్నే, ఊరికే మాట చెప్పొద్దు."

నేరుగా క్లినిక్కుకు వెళ్లాను. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మాత్ర ఆపించాడు. శుక్రవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పేరు నా ప్లాను వల్ల పోబోతోందని తలుచుకుంటే సిగ్గేసింది. 

గురువారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. ఈసారి చేతిలో కాగితం లేదు. చెప్పడానికేమీ లేక ఊరికే ఆయన మంచం మీద ఓ పక్కన కూర్చున్నాను. దేవకి షెడ్డులో గుడ్డ మడత పెడుతోంది. మత్తు వదిలిన మునెప్ప లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. కూర్చుని చూశాను గనక ఆరోజు కనిపించింది. ఆయన బాదడం లేదు. కుడి పిడికిలితో మూడుసార్లు, ఒకే ఎడంతో, లెక్కగా తడుతున్నాడు. ఎడమచెయ్యి గాల్లో దేన్నో పట్టుకున్నట్టు అడ్డంగా ఉంది. తట్టాక తల పక్కకు వంచి వింటున్నాడు. ఏమీ వినపడక మళ్లీ తడుతున్నాడు.

"ఎవురిని పిలస్తా ఉండావు మామా?"

"పిలిచేది ల్యా. జవాబు రాల్యా." విసుగ్గా నా వైపు తిరిగాడు. "మూడు కొట్టి ఎంతసేపాయ! వాడు తిరిగి కొట్టకుండా మనుషుల్ని యెట్ల ఎక్కించేది? గేటు కాడ అందురూ నిలబడుండారు, కనపడ్ల్యా?"

 నేను గని లైన్లలో, కూలీల ఇళ్ల వరసల్లో పుట్టినదాన్ని. మా నాన్న ముప్పై ఏళ్లు ఆ కేజీలో దిగి ఎక్కినవాడు. చిన్నప్పుడు బియ్యపు డబ్బా మీద గరిటెతో బెల్లు ఆట ఆడినదాన్ని. మూడు కొడితే 'మనుషులు ఎక్కుతున్నారు' అని. ఇంజన్ డ్రైవరు తిరిగి మూడు కొడితే 'విన్నాను, ఎక్కనీ' అని. ఆ జవాబు రానిదే బ్యాంక్స్‌మన్ ఒక్క మనిషిని కూడా కేజీలో అడుగు పెట్టనివ్వడు. రెండు కొడితే దించు, ఒకటి కొడితే లేపు. ఇవన్నీ నాకు ఎక్కాల్లా వచ్చు. వచ్చి కూడా, నర్సు టోపీ పెట్టుకున్నాక చెవులు మూసుకుపోయాయి. వేరే ఊరి నర్సు ఈ తప్పు చేస్తే క్షమించవచ్చు. నేను చేశాను.

మంచం కోడు మీద వేలి కణుపులతో మూడుసార్లు తట్టాను.

మునెప్ప ముఖం విప్పారింది. "ఆఁ," అన్నాడు. ఎడమచేతిని పక్కకు జరిపి, ఒకరి తరువాత ఒకరు పోతున్నట్టు పెదాలతో లెక్కపెట్టాడు. గేటు వేశాడు. తలుపు మీద రెండు కొట్టాడు. తరువాత వచ్చి నా పక్కనే కూర్చుని, నీళ్లు ఇమ్మన్నాడు. అరగంట దాకా కదల్లేదు.

షెడ్డులోకి వెళ్లి దేవకికి చెప్పాను. ఆమె మడత పెడుతున్న గుడ్డ కింద పెట్టింది. తరువాత అంది, "ఇన్ని దినాలుగా నన్ను అడగతా ఉండాడు. నేను గడియ వేసుకుని కూర్చున్నా."

"గడియ వేయమన్నది నేను."

"ఇద్దురమూ వేసినాం పో," అని డబ్బా మూత తీసింది.

మరునాడు మేష్టరు వచ్చేసరికి గుడ్డ మీద కొత్తగా జిగురు ఆరుతోంది. గడియ తీసేశాం. ఆ తలుపు తెరిచే ఉండేది. అయినా మునెప్ప గడప దాటేవాడు కాదు, గేటు దగ్గరి మనిషి గేటు దాటడు గదా. ఆయన ఇటు మూడు తట్టేవాడు. దేవకి గుడ్డ మీద నుంచి కళ్లెత్తకుండా, ఎడమచేతిలోని ఇంకో బ్రష్ కాడతో గుడ్డ అంచు బిగించిన కొయ్య చట్టం మీద మూడు తట్టేది. కుడిచేతిలో ఆకాశం సాగుతూనే ఉండేది. అన్ని రోజులూ ఇలా సాఫీగా జరిగాయంటే అబద్ధం. కొన్ని రోజులు ఏ జవాబూ ఆయనకు సరిపోయేది కాదు, ఏడ్చేవాడు. ఆ రోజు ఆమె పని ఆపేసేది. కానీ వారంలో అయిదు రోజులు దొరికాయి. చెయ్యి తిరిగిన మనిషికి అయిదు రోజులు చాలు.

"ఆయన శిఫ్టులో ఉండాడు, నేను శిఫ్టులో ఉండాను. ఇంగ బేజారేముండాది అక్కా?" అని నవ్వింది ఒకరోజు.

నాటకానికి వారం ముందు పరదా వేలాడదీసి చూడాలన్నారు. తండ్రిని విడిచి రాలేనంది దేవకి. నేను తోడు వస్తానన్నాను. టెంపోలో చుట్టిన పరదా, దాని మీద చెయ్యి వేసుకుని మునెప్ప, మేమిద్దరం. మామిడితోటల మధ్య పల్లె, బడి ముందు రెండు కొయ్య స్తంభాలు నాటి, పైన గిరకలు కట్టి ఉంచారు. పగటి ఎండలో వేషాల్లేని భీముడూ దుర్యోధనుడూ లుంగీల్లో నిలబడి చూస్తున్నారు. పరదా వెదురు బొంగుకు కట్టి, తాళ్లు గిరకల మీదుగా వేసి, ఒక బలమైన మనిషి తాడు పట్టుకున్నాడు.

గిరక, తాడు చూసిన మునెప్ప నా చెయ్యి విదిలించుకుని ముందుకు పోయాడు. ఆపబోయాను. దేవకి వద్దని తల ఊపింది.

"ఓయ్, జరుగప్పా! తాడు కింద మనిషి నిలబడతాడా?" అని దుర్యోధనుణ్ణి పక్కకు తోశాడు. అందరినీ గీత గీసినట్టు వెనక్కి పంపాడు. కింద పడున్న కర్ర తీసుకుని స్తంభం మీద మూడు కొట్టాడు. తల పక్కకు వంచి నిలబడ్డాడు.

మేష్టరుకు చిరాకేసింది. "ఏమమ్మా ఇది, పొద్దు పోతా ఉండాది," అన్నాడు. తాడు పట్టుకున్నవాడు మునెప్పనూ మేష్టరునూ మార్చి మార్చి చూశాడు.

దేవకి అవతలి స్తంభం దగ్గర ఉంది. జడలో దోపుకున్న బ్రష్ తీసింది. కాడతో స్తంభం మీద మూడు కొట్టింది, అందరికీ వినపడేట్టు.

మునెప్ప తల ఊపాడు. కర్రతో ఒక్కటి కొట్టి, తాడు మనిషి వైపు చెయ్యెత్తాడు. వాడికి బెల్లు లెక్క తెలియకపోయినా ఆ చెయ్యి అర్థమైంది. లాగాడు. నేల మీది చుట్ట కొద్దికొద్దిగా విప్పుకుంటూ లేచింది. మొదట నీలం ఆకాశం, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. తరువాత బంగారు స్తంభాలు, సింహాసనం, చివరికి కింది మూలలో ఎర్ర రంగుతో దేవకి పేరు. మేష్టరు వంగి ఆ పేరు పైకి చదివాడు.

పరదా పూర్తిగా ఆగేదాకా మునెప్ప చెయ్యి దించలేదు. ఆగాక కూతురి వైపు తిరిగి అడిగాడు.

"అందురూ పైకొచ్చినారా?"

"వచ్చినారు నాయనా. అందురూ వచ్చినారు."

"అయితే ఇంటికి పోదాం," అని కర్ర కింద పెట్టాడు. మూతపడిన గని శిఫ్టు ఆయనకు ఆ సాయంత్రం ముగిసింది. మరునాడు మళ్లీ మొదలైందనుకోండి. అయినా ముగిసింది.

ఆ తరువాత మూడేళ్లు ఉన్నాడు, తన మంచం మీదే పోయాడు. ఆ మూడేళ్లలో దేవకి పదకొండు పరదాలు గీసింది. నేను మాత్రం ఎవరింటికి వెళ్లినా, బీపీ చూడకముందే 'ఆయన ఏం పని చేసేవాడు, ఆమె ఏం పని చేసేది' అని అడగడం నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్ల నర్సులకు చెప్పేదీ అదే.

ఆ పల్లె నుంచి వచ్చిన రోజే క్లినిక్కుకు వెళ్లి మునెప్ప కేస్ షీటు తీశాను. 'కారణం లేకుండా తలుపు బాదుతున్నాడు' అన్న నా దస్తూరీని ఒక్క గీతతో కొట్టేశాను. దాని పక్కన, 'మూడు తడతాడు. తిరిగి మూడు తట్టాలి' అని రాసి సంతకం పెట్టాను.