పాతది తెచ్చారా?

మా స్కానింగు డాక్టరమ్మకు దేవుడు నోరిచ్చింది ఒక్క మాట అడగడానికే. "పాతది తెచ్చారా?" కొత్త స్కాన్ ఎంత స్పష్టంగా ఉన్నా సరే, పక్కన పాతది పెడితే గానీ పెదవి విప్పరు. నా పెళ్లి ఫోటో చూపిస్తే కూడా, పాతది ఏదని పరధ్యానంగా అడిగారు. నాకిదే మొదటి పెళ్లని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మకు ఎదురు నిలిచింది దర్జీ ఒక్కడే. కొలతకు పాతది తెచ్చారా అని ఆవిడనే అడిగాడు. ఆవిడ తేలేదు.

ఆవిడ చెప్పే రిపోర్టులు పదేళ్లుగా పక్కగదిలో కూర్చుని టైపు చేస్తున్నాను. ఓసారి ఆ గదికి రంగులేస్తుంటే నా బల్లను ఆవిడ గదిలోకి మార్చారు.

ఆ రోజే వడ్రంగి వచ్చాడు. అతనికి మెదడులో లింఫోమా, ఒక రకం క్యాన్సరు. రెండు విడతలు మందెక్కించాక తీసిన స్కాన్ అది. గడ్డ ఎంత కరిగిందన్న దాన్నిబట్టి ముందుముందు మనిషి ఎలా ఉంటాడో కొంతవరకు చెప్పొచ్చు. అతని పేరడిగితే వాళ్లన్నయ్య చెప్పాడు. తలనొప్పి తగ్గిందా అంటే భార్య చెప్పింది. అతను మాత్రం తన అరచేతుల కేసి చూసుకుంటున్నాడు.

డాక్టరమ్మ తెరవైపు చూడనైనా లేదు. "పాతది తెచ్చారా?"

అన్నయ్య మొహం పాలిపోయింది. ఫిల్ము ఇంట్లో బీరువాలో ఉందట. తాళంచెవి ఎక్కడుందో మరదలికే తెలుసట. ఇద్దరూ పరుగు తీశారు.

నాకు ఒళ్లు మండింది. పాత స్కాన్ తీసిందీ ఇక్కడే. కంప్యూటర్లో నా కళ్లకే కనిపిస్తోంది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చినవాళ్లను ఇలా తిప్పడమేమిటి? పాతది ఇక్కడే ఉంది మేడమ్ అన్నాను.

"తెలుసు. ఆ తలుపు వెయ్యి," అన్నారు.

తలుపు పడగానే వడ్రంగి నోరు విప్పాడు.

"వాళ్ల ముందు అడగలేనమ్మా. నేను బతుకుతానా?"

ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టారు. మొదటిదాంట్లో మచ్చ నిమ్మకాయంత. రెండోదాంట్లో ఎక్కడుందోనని వెతికాను. కందిగింజంత.

"ఇంత తొందరగా కరగడం మంచి గుర్తు. ఇలా కరిగినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి బాగున్నారు. కొందరికి తిరగబెట్టింది. మీరు ఎవరిలో ఉంటారో ఈ బొమ్మ చెప్పదు. ఇంకా మందు ఎక్కించాల్సి ఉంది, అది మానకండి."

అతను కాసేపు ఏడ్చాడు. తర్వాత ఉలి పట్టగలనా అన్నాడు, పిల్లకు ఎలా చెప్పాలన్నాడు. ఆవిడ ఒక్కోదానికీ తీరిగ్గా జవాబు చెప్పారు. ఈ పదేళ్లలో ఎంతమంది చుట్టాలను ఇలా పరుగులు పెట్టించారో అనుకుంటూ నేను తల వంచి ఉత్తుత్తినే టైపు చేస్తూ కూర్చున్నాను.

అన్నయ్య చెమటలు కక్కుతూ మరదలితో తిరిగొచ్చాడు. ఆవిడ ఫిల్మును రెండు చేతులా అందుకుని, వెలుతురుకు పట్టి, గంభీరంగా తలూపారు.

"మంచి పని చేశారు. ఇది లేకపోతే చెప్పగలిగేదాన్ని కాదు."

అన్నయ్య గర్వంగా మరదలి వైపు చూశాడు. ఆవిడ ఫిల్మును తలకిందులుగా పట్టుకోవడం వడ్రంగీ చూశాడు, నేనూ చూశాను. రిపోర్టులో 'పాత ఫిల్ముతో పోల్చి చూశాం' అని టైపు చేశాను.