ఎడారి రోడ్డు మీద నేను కాళ్ళు కడుక్కున్న నీళ్ళు

మా బిడ్డ మౌనిక రాజస్థాన్‌ల, జైసల్మేర్ దిక్కు ఒక సోలార్ ప్లాంటుల ఇంజినీరు. "బాపూ, ఒక్కసారి వచ్చిపోండ్రి, నేనే కారు నడుపుకుంట మీ ఇద్దరికి ఎడారి చూపిస్త" అని ఫోన్ల చెప్పుడే చెప్పుడు. నేను ఏడో తరగతి దాక చదివి, కొన్నేండ్లు కల్లు గీయనీకి తాళ్ళు ఎక్కి, ఆ తర్వాత కోరుట్ల బస్టాండు కాడ సోడాల బండి పెట్టుకొని బతికినోణ్ణి. మా రుద్రంగి నుంచి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల తిరుగుడే నాకు లోకం. బిడ్డ స్టీరింగ్ పట్టుకుంటే పక్క సీట్ల కూసోవాలె అన్న ఒక్క ఆశతోని ఈ ప్రయాణం మొదలైంది. ఆశ తీరింది. ఏం చెప్పాలె, కండ్లు నిండినయి, కడుపు నిండింది. కాని రాద్దామని కూసుంటే ఆ సంబురాన్ని నూకేసి సిగ్గు ముందల కూసుంటున్నది. అందుకే రెండూ రాస్తున్న. మన దిక్కు నుంచి పోయేటోళ్ళకు దారి తెలుస్తది, నేను చేసిన పని మీరు చెయ్యకుంట ఉంటరు.

హోళి పోయిన వారానికి బయలెల్లినం. కోరుట్ల నుంచి బస్సుల నిజామాబాద్ పోయి, ఆడ జోధ్‌పూర్ దిక్కు పోయే రైలెక్కినం. స్లీపర్ టికెట్ మనిషికి వెయ్యి లోపలనే పడ్డది. రెండు రాత్రులు రైల్నే. మా ఇంటామె సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు మూట కట్టింది గని, సగం పక్క సీటోళ్ళకే పంచిపెట్టింది. జోధ్‌పూర్ స్టేషన్ల బిడ్డ ఎదురుంగ నిలబడ్డది. ఆ రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిల పండుకొని, తెల్లారి ఆరు గంటలకు కారెక్కినం. జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగ జైసల్మేర్‌కు దగ్గర దగ్గర మూడు వందల కిలోమీటర్లు. ఏడ ఆగకుంటే ఐదారు గంటల దారి. "మనం ఆగుకుంటనే పోదాం బాపూ, ఈ రోడ్డు మీద మజా అంత ఆగినకాడనే ఉంటది" అన్నది మౌనిక. రోడ్డు చూస్తే సుతిలి దారం గుంజి కట్టినట్టు సక్కగ ఉన్నది. మూల లేదు, మలుపు లేదు.

మొదటి ఆగుడు జోధ్‌పూర్ దాటినంక గంటకు, ఒక దాబా కాడ. ఆడ మిర్చి బడా అని చేస్తరు. మన మిర్చి బజ్జీకి పెద్దన్న అనుకోండ్రి, లోపల ఆలుగడ్డ కూరి, అరచెయ్యంత ఉంటది. చాయ్‌తోని కలిపి ముప్పై ఐదు రూపాయలు. నూనెల మిర్చిలు తిప్పుతున్న మనిషికి నాకు వచ్చిన కోరుట్ల బస్టాండు హిందీల చెప్పిన, గా కారు కాడ నిలబడ్డది నా బేటీ, ఇంజినీరు, జోధ్‌పూర్ నుంచి తనే నడుపుకుంట వచ్చింది అని. ఆయన జల్లిగంటె ఆపి, "వాహ్ కాకా!" అని ఒక మిర్చి ఎక్కువేసిండు. మా ఇంటామె ఊకుంటదా?

"మిర్చి ఆయన చేసిండు, కారు పిల్ల నడిపింది. నడుమ నీకెందుకయ్యా గంత గొప్ప?"

"కన్నది ఎవరే?"

"నేను గన్న. నువ్వప్పుడు తాడు మీద ఉన్నవు."

మిర్చిలు కాల్చేటాయనకు తెలుగు రాదు, అయినా కడుపు పట్టుకొని నవ్విండు.

రెండో ఆగుడు దేచూ అనే ఊరి కాడ. రోడ్డు పక్కనే ఇసుక దిబ్బలు. పొద్దున తొమ్మిది లోపల పోతే ఇసుక చల్లగుంటది, ఆ తర్వాత అరికాళ్ళు కాలుతయి. ఒక బస్తా సంచి అడుక్కొని, దిబ్బ మీద కూసోని కిందికి జారిన. అరవై ఎనిమిదేండ్ల మనిషిని, పసిపిల్లగాని లెక్క అరుసుకుంట జారిన! ధోతి నిండ ఇసుకే. మళ్ళెక్కి మళ్ళ జారిన. ఒంటె మీద ఒక చుట్టు తిప్పనీకి రెండు వందలు అడిగిండ్రు, నూటయాభైకి ఒప్పుకున్నరు. మా ఇంటామె దగ్గరికి పోయి దాని మొఖం చూసి ఎనుకకు జరిగింది. "నేనెక్క. దీని మూతి తిప్పుడు చూడు, అచ్చం మీ అక్క లెక్క." బిడ్డ నవ్వి నవ్వి ఇసుకల కూలబడ్డది.

పదకొండున్నరకు పోఖ్రాన్ చేరినం. ఆడ చమ్‌చమ్ అనే పాల మిఠాయికి పేరు. తిన్నం, ఒక డబ్బా కట్టిచ్చినం. ఆ డబ్బా ఎవరికని అడిగితే, మౌనిక కారు నడుపుకుంటనే చెప్పింది. పోయిన ఎండకాలం ఆ రోడ్డు మీద దాని కారు ఆగిపోయిందట. ఫోన్ల చార్జింగ్ లేదు. రోడ్డు పక్క చాయ్ హోటల్ నడుపుకునే హీరాజీ అనే ముసలాయన, ఆయన భార్య గవరీబాయి దాన్ని ఇంట్ల పెట్టుకొని, రొట్టె పెట్టి, తెల్లారి మెకానిక్‌ను పిలిచి పంపిచ్చిండ్రట. అప్పటిసంది ఆ తొవ్వల పోయినప్పుడల్ల ఆడ ఆగుడు, వాళ్ళు ఎదురుచూసుడు.

"గింత పెద్ద ఎడారిల నాకున్న ఒక్క ఇల్లు అది బాపూ. ఆడ జర నెమ్మదిగుండు."

"నేనేం చేస్త బిడ్డా?"

"ఏం చెయ్యవు. సంబురమైతే నీకు ఒళ్ళు తెల్వది, గంతే."

ఆ మాటకు నేను నవ్విన.

లాఠీ అనే ఊరు దాటినంక కొంత దూరానికి వచ్చింది హీరాజీ హోటల్. రేకుల షెడ్డు, నాలుగు నులక మంచాలు, ఎనుక రెండు మట్టి గుడిసెలు, మేకలు, ఒక జమ్మి చెట్టు. అవును, మన దసరా జమ్మి చెట్టే! దాన్ని చూడంగనే నాకు సొంతూరు వచ్చినట్టయింది. బిడ్డకు ప్లాంటు నుంచి ఫోన్ వస్తే అది కారు కాడనే నిలబడ్డది. మేమిద్దరం గుడిసె ముందలికి పోయినం. గవరీబాయి మొఖం మీదికి ముసుగు గుంజుకొని, చేతులు జోడించి, ఇత్తడి చెంబుతోని నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

మన దిక్కు చుట్టమొస్తే గడప కాడ ముందుగాల ఏమిస్తం? కాళ్ళకు నీళ్ళు. నేను గదే అనుకున్న. చెప్పులు ఇడిసి, చెంబెడు నీళ్ళు కాలి మీద పోసుకున్న. ఆ ఎండల ఎంత హాయి! ఒక్క చెంబు ఒక కాలికే అయిపోయింది. గడప పక్కకు మూత పెట్టిన పెద్ద కుండ కనిపించింది. మన వాకిట్ల గోళెం ఉంటది కదా, ఎవరంటే వాళ్ళు ముంచుకొని కాళ్ళు కడుక్కుంటరు. మూత తీసి, అదే చెంబు ముంచి, రెండో కాలు కడిగిన. గవరీబాయి గబగబ లోపలికి పోయి, ఎడల్పు పళ్ళెం ఒకటి తెచ్చి నా కాళ్ళ కింద పెట్టింది.

అగో, ఆడ నాకు ఒళ్ళు తెల్వలే. మన పెండ్లిండ్లల్ల అల్లునికి కదా పళ్ళెంల కాళ్ళు కడిగేది! నా బిడ్డకు ఇంత మర్యాదనా, దాని బాపును అల్లుని లెక్క చూస్తున్నరా అని గుండె పొంగింది. మళ్ళ ముంచిన. మా ఇంటామె కాళ్ళు గూడ పళ్ళెంల పెట్టిచ్చి పోసిన.

"వద్దయ్యా, ఆమె ఎట్లనో చూస్తున్నది" అన్నది.

"మర్యాద చేస్తున్నదే, కాదనొద్దు!" అని, కారు దిక్కు తిరిగి గట్టిగ కేకేసిన. "బిడ్డా, చూడు! మీ బాపుకు పళ్ళెం పెట్టి కాళ్ళు కడుగుతున్నరు!"

మౌనిక మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి ఆగిపోయింది. ఏదో అనబోయింది. గవరీబాయి ముసుగు లోపలినుంచే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. బిడ్డ నోరు మూసుకున్నది. దాని కండ్లల్ల నీళ్ళు చూసి, నాయిన మీద ప్రేమ అనుకున్న.

హీరాజీ చాయ్ ఇచ్చిండు, సద్ద రొట్టె, ఎల్లిపాయ కారం పెట్టిచ్చిండు. నేను తెచ్చిన సిరిసిల్ల తువ్వాల ఇస్తే తలకు చుట్టుకున్నడు. నా హిందీకి, ఆయన హిందీకి నడుమ మౌనిక ఉన్నది.

"మీ దిక్కు పొలంల నీళ్ళు నిలబెడ్తరని పిల్ల చెప్పింది. నిజమేనా?" అని అడిగిండు.

"నిలబెట్టుడేంది హీరాజీ! కాలువొచ్చినంక మడి నిండ నీళ్ళే. ఒక్కో ఏడు నీళ్ళు ఎక్కువై వరి పండుకుంటది!"

"నీళ్ళు ఎక్కువై!" అని ఆయన తొడ మీద కొట్టుకొని నవ్వి, గవరీబాయికి వాళ్ళ మాటల చెప్పిండు. ఆమె గూడ నవ్వింది. వాళ్ళు నవ్వుతుంటే నేను ఇంకింత చెప్పిన. చెరువులు, నిండి దుంకే మత్తళ్ళు, వానకాలం మునిగిన రోడ్లు, అన్నీ.

అట్ల చెప్పుకుంటనే చూసిన. గవరీబాయి నా కాళ్ళ కింది పళ్ళెం రెండు చేతుల ఎత్తుకొని, చుక్క కింద పడకుంట పోయి మేకల ముందల పెట్టింది. ఆ తర్వాత గడప కాడి కుండను వంచి, అండ్ల మిగిలిన నీళ్ళు గూడ మేకల తొట్టిల పోసింది. తల మీద గుడ్డ చుట్ట పెట్టుకొని, ఖాళీ కుండ ఎత్తుకున్నది.

"ఏడికి పోతున్నది బిడ్డా?"

"నీళ్ళకు."

"గీ ఎండలనా?"

మా ఇంటామె నెమ్మదిగ అన్నది: "ఆ కుండల నువ్వు కాళ్ళ చెంబు ముంచినవు కదయ్యా."

అప్పుడు బిడ్డ చెప్పింది. అది తాగే నీళ్ళ కుండ. ఇంట్లోళ్ళకు, దారిన పోయేటోళ్ళకు అదే. దిబ్బ అవతల వాన నీళ్ళు దాచిపెట్టుకునే బాయి లాంటిది ఉంటది, పొద్దుగాల చల్లపూట ఒక్కసారే పోయి తెచ్చుకుంటది. చెంబు నాకు తాగనీకే ఇచ్చింది.

"మరి పళ్ళెం?"

"కిందపడే నీళ్ళన్న మేకలకు అయితయని, బాపూ."

ఇంకేం చెప్పాలె. భూమి పగిలి అండ్ల పోతే మంచిగుండు అనిపించింది. ఆమె పళ్ళెం పెట్టినంక గూడ నేను నవ్వుకుంట పోసుకున్న నీళ్ళు కండ్ల ముందల తిరిగినయి. గది చాలదన్నట్టు కూసోని మా ఊళ్ళె నీళ్ళు ఎక్కువని చెప్పిన! లేచి ఉరికి ఆమె చేతుల కుండ పట్టుకోబోయిన. హీరాజీ నా మణికట్టు పట్టుకొని, "బైఠో భాయీ" అని కూసోమన్నడు. బిడ్డతోని క్యాన్లు పంపిస్తనని చేతులు జోడించిన. ఆయన తల ఊపిండు. "మెహమాన్‌కు, ఇంటికొచ్చిన చుట్టానికి పోసిన నీళ్ళకు బదులు తీసుకుంటే నేను ఈ రోడ్డు మీద ఎట్ల కూసోవాలె?"

నా అసలు భయం నీళ్ళది కాదు. ఈ ఎడారిల బిడ్డకున్న ఒక్క ఇంటి గడప నేనే మూసేసిన్నా అని. మళ్ళ అది ఈ తొవ్వల వస్తే, గీ కాళ్ళు కడుక్కున్నోని బిడ్డ అని చూస్తరా? మౌనిక తల దించుకొని నిలబడ్డది. గవరీబాయి దాని దిక్కు తిరిగి, గట్టిగ ఏదో కసిరింది. చిన్న కుండ ఒకటి తీసి దాని పొట్టకు ఆనిచ్చి నూకింది.

"ఏమంటున్నదే?" అన్నది మా ఇంటామె.

మౌనిక కండ్లు తుడుచుకొని నవ్వుతున్నది. "తిడుతున్నదవ్వా. మెహమాన్లు కూసుంటరు, నీకేమైంది కూసోనీకి, కుండెత్తు అంటున్నది."

ఇంజినీరు బిడ్డ బూట్లు ఇడిసి గవరీబాయి ఇచ్చిన చెప్పులేసుకున్నది. చున్నీ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నది. ఇద్దరు దిబ్బ ఎక్కిండ్రు. ముందల ఆమె, ఎనుక ఇది, ఏదో ముచ్చట పెట్టుకుంట. నేను మంచం మీద కూసున్న. పోవాలంటే పోనియ్యరు, నేను మెహమాన్‌ను. నా కాళ్ళు ఎప్పుడో ఆరిపోయినయి. హీరాజీ ఇంకో చాయ్ తెచ్చి ముందల పెట్టిండు. అది గూడ నీళ్ళే కదా అని చూసుకుంట కూసున్న. ముప్పావు గంటకు దిబ్బ మీద రెండు కుండలు కనిపించినయి.

పొద్దు గుంకే యాళ్ళకు జైసల్మేర్ చేరినం. కోట చూసినం, గాలిమరలు చూసినం, అన్నీ మంచిగనే ఉన్నయి. ఎవరన్న ఆ ప్రయాణం ఎట్లుండె అని అడిగితే, నేను ముందుగాల చెప్పేది బిడ్డ కారు నడుపుడు కాదు, కుండ మోసుడు. దాన్ని కసిరిండ్రు కాబట్టి నేను ధైర్యంగ ఇంటికొచ్చిన. చుట్టాన్ని ఎవరు కసరరు, ఇంటి పిల్లనే కసురుతరు. కాని సంబురమైన ప్రతిసారి ఆ పళ్ళెం గుర్తొచ్చి ఇప్పటికీ నా మొఖం వేడెక్కుతది. ఇంత వయసుకు వచ్చి, ఎదుటోళ్ళ మొఖం ఒక్కసారి చూసి అడగాలన్న సోయి నాకు లేకపాయె. మీకు చెప్పేది ఒక్కటే. పోఖ్రాన్‌ల ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ నింపుకొని డిక్కీల పెట్టుకోండ్రి, మొఖం, చేతులు, కాళ్ళు అన్నీ దానితోనే కానియ్యండ్రి. ఇంటి ముందల ఎవరన్న చెంబు చేతికిస్తే మాత్రం తాగండ్రి, తాగి ఖాళీ చెంబు వాళ్ళ చేతికే ఇయ్యండ్రి.