వదిలేసిన రెండు చరణాలు

పొద్దున ఆరూ నలభై బస్సులో శ్యామల గారు కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూ ఉంటారు. చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నారనుకుంటారు. నిజానికి బస్సులో వినిపించే ప్రతి ప్రకటననూ ఆవిడ రష్యన్‌లోకి మారుస్తుంటారు. తర్వాతి స్టాప్ పేరు, తలుపు దగ్గర నిలబడవద్దన్న హెచ్చరిక, ముందు సీట్లో ఎవరో ఫోన్లో చెబుతున్న మైనస్ ఇరవై ఆరు డిగ్రీల చలి, అన్నీ. కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ బస్సెక్కడం మొదలుపెట్టి పదమూడేళ్ళయింది.

"నోరు తుప్పు పట్టకుండా ఉండాలి కదమ్మా," అన్నారు నాతో, మొదటిసారి కలిసినప్పుడు.

నేను ఆవిడ ఇంటికి వెళ్ళింది నా థీసిస్ పనిమీద. పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ కవిత్వంలో దేశభక్తి ఎలా సామ్రాజ్య రాజకీయాలతో కలిసిపోయిందన్నది విషయం. నాకొచ్చిన రష్యన్ అంతంత మాత్రం. ఒక కవితకు దొరికిన రెండు ఇంగ్లీషు అనువాదాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. మూలం చదివి చెప్పేవాళ్ళ కోసం అడిగితే తెలుగు సంఘంవాళ్ళు ఆవిడ నంబరిచ్చారు.

ఎనభైల్లో విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు శ్యామల గారు అక్కడ దుబాసీ. హైదరాబాద్‌లో రష్యన్ డిప్లొమా చేసి, ఇరవై నాలుగో ఏట చేరారు. సోవియట్ ఇంజినీర్లకూ మన పనివాళ్ళకూ మధ్య నిలబడి, ఆ మాట ఇటూ ఈ మాట అటూ చేరవేయడం పని. అందులో ఆవిడ తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నారు. తిట్లు వదిలేసి పని మాట ఒక్కటే చెప్పడం. ఒకసారి ఒక ఇంజినీరు ఐదు నిమిషాలు చేతులూపుతూ అరిచాడు. ఆవిడ ఫోర్‌మన్ త్యాగరాజు గారి వైపు తిరిగి, "ఈ బోల్టులు మళ్ళీ బిగించాలంటండీ," అన్నారు.

"అంతసేపు అరిచాడు, ఇంతేనా అమ్మా?"

"రష్యన్ పొడుగు భాషండీ."

"మరి మధ్యలో మా తాతలు కూడా వచ్చి వెళ్ళినట్టున్నారే!"

ఆ ఇంజినీరు భార్య తమారా తన ఊళ్ళో బడి టీచరుగా పనిచేసి వచ్చింది. శనివారం మధ్యాహ్నాలు సోవియట్ ఇంజినీర్ల కాలనీలోని తమ ఇంట్లో శ్యామల గారికి కవితలు నేర్పేది. కిటికీ దగ్గర నిలబడి, సముద్రం వైపు చూస్తూ చెప్పేది. నా థీసిస్‌లోని కవిత వాటిలో ఒకటి. చక్రవర్తి దూరంగా వెళ్ళగొట్టిన ఒక కవి, తన ఊరి నదినీ, శరత్కాలంలో పడవ దాటే రేవునూ, అమ్మ వెలిగించే దీపాన్నీ తలుచుకుని, ఆ నేలకు తను గుర్తున్నాడా అని అడుగుతాడు. ఆ చోటికి వచ్చాక తమారా ఆ లైన్లు మళ్ళీ చదివేది. మధ్యలో రెండు చరణాలున్నాయి. సరిహద్దు అవతలి ప్రజలు కూడా ఆ చక్రవర్తి గొడుగు కిందికే రావాలనీ, రాకపోతే ఫిరంగులు వెళ్ళి పిలుస్తాయనీ వాటి భావం. శ్యామల గారు కవితను తెలుగులో రాసుకున్నప్పుడు ఆ రెండూ వదిలేశారు.

తొంభై ఒకటిలో కాలనీ ఖాళీ అయింది. తమారా వెళ్ళిపోయింది. ఉత్తరాలు రెండేళ్ళు వచ్చి ఆగిపోయాయి. భర్త మహీధర్ గారితో కెనడా వచ్చాక శ్యామల గారికి ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం దొరికింది. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, ట్రేలు తీసుకెళ్తుంటే, కొత్తగా వచ్చిన ముసలావిడ సూపుతో మాట్లాడుతోంది. రష్యన్‌లో.

"ఇది సూపా, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"రేపటిది ఇంకా బావుండదు," అన్నారు శ్యామల గారు, అదే భాషలో.

ముసలావిడ చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. పేరు హలీనా. యుక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి, రష్యాతో యుద్ధం మొదలయ్యాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఇంట్లో పుట్టుకతో వచ్చిన భాష రష్యనే, బాంబులు వేసేవాళ్ళ కోసం దాన్ని వదులుకోనని చెప్పేది. రోజూ భోజనాలయ్యాక పావుగంట ఇద్దరూ మాట్లాడుకునేవారు.

"ముప్పై ఏళ్ళ తర్వాత నా మాటకి జవాబొచ్చిందమ్మా," అన్నారు శ్యామల గారు నాతో. "ఆ పావుగంట కోసం డబుల్ షిఫ్టులు కూడా చేశా."

పోయిన చలికాలంలో హలీనాకు ఎనభై ఐదు నిండాయి. కానుకగా శ్యామల గారు ఆ కవిత చదివారు, రెండు చరణాలు వదిలేసి. హలీనా కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"మధ్యలో రెండు పోయాయి."

"గుర్తు లేదు," అని అబద్ధమాడారు శ్యామల గారు.

"నాకు గుర్తుంది." హలీనా వీల్‌చెయిర్‌లోనే నిటారుగా కూర్చుని, చేతులు పక్కలకు ఆనించి, బళ్ళో పిల్లలా గట్టిగా ఆ రెండూ అప్పజెప్పింది. "బళ్ళో వీటికి పెద్ద గొంతున్న పిల్లల్ని ఎంచేవాళ్ళు. నాది పెద్ద గొంతు. ఎందుకు దాచావు?"

"మీరు బాధపడతారని."

"అవి నువ్వు తీసేస్తే మిగతాది అందంగా కనిపిస్తుంది, శ్యామా. నాకు భయం అదే. మా తమ్ముడి వీధిని కూడా ఇప్పుడు ఆ ఫిరంగులే పిలుస్తున్నాయి."

తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో అన్నది: "టుమారో, ఇంగ్లీష్. ప్లీజ్."

ఆ మర్నాడు శ్యామల గారు రష్యన్‌లో పలకరిస్తే హలీనా దుప్పటి సర్దుకుంటూ ఉండిపోయింది. మూడో రోజూ అంతే. తర్వాత శ్యామల గారే రష్యన్‌లో పలకరించడం మానేశారు.

నా కోసం మాత్రం కవిత మొత్తం చదివారు. ఆ రెండు చరణాలనూ మొదటిసారి తెలుగులో చెప్పారు, మాట మాట ఆగుతూ.

"ఛందస్సు ఎక్కడా తడబడలేదు చూడు. నదిని తలుచుకున్నప్పుడు ఎలా నడిచిందో, ఫిరంగుల దగ్గరా అలాగే నడిచింది. తనని వెళ్ళగొట్టిన చక్రవర్తి కోసమే రాశాడు. రెండూ రాసింది ఒకే చెయ్యి."

"ఇప్పటికీ ఇష్టమేనా ఆంటీ?" అని అడిగాను, అడగొచ్చో లేదో తెలియక.

"మొదటి లైను అనుకుంటే చాలు, తమారా కిటికీ దగ్గర నిలబడుతుంది. ఏం చెయ్యమంటావు?"

టీ చల్లారిపోయిందని ఆవిడ లేచి మళ్ళీ వేడిచేసి తెచ్చారు.

శ్యామల గారికి ఇప్పుడు అరవై మూడేళ్ళు. వారానికి నాలుగు రోజులు కేర్ హోమ్‌కు వెళ్తారు. భోజనాలయ్యాక హలీనా గదిలో పావుగంట కూర్చుంటారు. ఇద్దరూ ఇంగ్లీషులో మంచు గురించి మాట్లాడుకుంటారు.