మా కోడలి చాకు

నాకు ముక్కు మీద కోపం. మా నర్సరీలో మొక్కలతో సహా అందరికీ తెలుసు. కోపంలో ఏం అంటానో నాకే తెలియదు, పది నిమిషాల్లో మర్చిపోతాను కూడా. మర్చిపోవడం నాకు తేలికే. మాట పడ్డవాళ్లకి కాదు.

మా కోడలు గడియారాలు బాగుచేసే ఆయన కూతురు. ఆవగింజంత స్క్రూలు తండ్రికి అందిస్తూ పెరిగిందట. అందుకే కాబోలు, ఏ పని చేసినా చప్పుడుండదు. వంటింట్లో గిన్నె కిందపడిందంటే అది నా నిర్వాకమే. గరిటె, పెన్ను, దువ్వెన అన్నీ ఎడమ చేతిలోనే. నవ్వితే మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంది. మావాడు మొక్కల వ్యాను తోలుకుంటూ వాళ్ల వీధికి వెళ్లి, ఒక గులాబీ కుండీ దింపి, ఆ నవ్వు చూసి పడిపోయాడు. నేనూ పడిపోయాననుకోండి, పైకి చెప్పలేదు.

పెళ్లయిన నెలకే, "అత్తయ్యా, నాకూ అంటు కట్టడం నేర్పండి" అంది. పెద్ద విద్యేం కాదు. అడవి గులాబీ కాండాన్ని ఏటవాలుగా కోసి, మంచి గులాబీ కొమ్మనీ అలాగే కోసి, రెండు కోతలూ కలిపి పట్టీ చుట్టాలి. కోతలు సరిగ్గా ఆనుకుంటే కొమ్మ చిగురేస్తుంది, మధ్యలో సందుంటే ఎండిపోతుంది. మా ఆయన అంటు కట్టే పాత మడత చాకు ఒకటి పడి ఉంటే చేతికిచ్చాను.

నలభై కట్టింది. ముప్పై ఎనిమిది ఎండిపోయాయి. మళ్లీ కట్టింది, మళ్లీ అంతే. అవతల మొక్కలిస్తానని మాటిచ్చి ఉన్నాను, ఒళ్లు మండిపోయింది. పనివాళ్లందరి ముందూ నోరు పారేసుకున్నాను.

"నీదేం హస్తవాసే తల్లీ! నీ చెయ్యి పడితే ఏదీ బతకదు!"

ఆ పిల్ల చాకు మడిచి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుంది. మర్నాటి నుంచి అంటు కట్టే బల్ల దగ్గరికి రాలేదు. గొట్టంతో నీళ్లు పట్టేది, ఆకు కూడా తాకేది కాదు. అలిగిందిలే, అదే పోతుంది అనుకున్నాను. అనుకుని నా పనిలో నేను పడ్డాను.

ఇంతలో నీళ్లోసుకుంది. ఏడో నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పుట్టబోయేవాళ్ల కోసం పాత మెత్తటి దుప్పట్లు ముక్కలు చేస్తున్నాం. ఉన్నట్టుండి అంది, "అత్తయ్యా, పుట్టగానే మీరే ఎత్తుకోండి. పాలిచ్చేటప్పుడు తప్ప నేను ముట్టుకోను."

"అదేం మాటే?"

"నా చెయ్యి మంచిది కాదు కదా."

ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఏదో కోపంలో వాగానే, దాన్నే పట్టుకుని కూర్చున్నావా?" అని దగ్గరికి తీసుకున్నాను. "ఫర్వాలేదు అత్తయ్యా" అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అలా నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఇంక నేనెన్ని మాటలు చెప్పినా నమ్మదు. తన చేత్తో కట్టిన అంటు బతికితేనే నమ్ముతుంది. ఆ పాత చాకు కీలు వదులై ఊగుతోంది, తప్పంతా దానిదేనేమో అని ఆశ పుట్టింది. బతిమాలి బామాలి కత్తుల షాపుకి లాక్కెళ్లాను. సంచిలో గులాబీ కొమ్మలు కూడా పడేసుకున్నాను.

షాపు ముసలాయన గాజు బల్ల మీద చాకులు పరిచాడు. మొదటిది చెక్క పిడిది. పట్టుకి బాగానే ఉంది కానీ, నర్సరీ నుంచి కట్టుకొచ్చిన ఏప్రన్ జేబులో కోడలు దాన్ని పెట్టుకుని స్టూలు మీద కూర్చోగానే పొట్టలో పొడుచుకుంది. "లోపలివాళ్లకి నచ్చలేదట" అన్నాను. కోడలు నవ్వలేదు. రెండోది పల్చగా ముచ్చటగా ఉంది. తెరిచి అటూ ఇటూ కదిపితే బ్లేడు ఊగింది. "రోజూ వాడితే నెల తిరక్కుండా వేలి మీద మూసుకుంటుంది" అని ఆయనే పక్కన పెట్టేశాడు. మూడోది ఉక్కు పిడి. సన్నగా ఉంది, జేబులో ఉన్నట్టే తెలియదు. కీలు బిగువుగా ఉంది, తెరిస్తే టక్కున ఆగింది.

"ఇదే ఇచ్చేయండి" అన్నాను.

"కోసేది మీరా, అమ్మాయా?" అన్నాడు. చాకు కోడలి ముందుకి జరిపాను.

కోడలు కొమ్మ అందుకుంది. ఒకటి కోసింది, ఇంకోటి కోసింది. ముసలాయన రెండు కోతలూ కలిపి గుమ్మం వైపు ఎత్తి చూశాడు. మధ్యలోంచి వెలుతురు కనబడింది.

కోడలు చాకు కింద పెట్టేసింది. "చూశారుగా అత్తయ్యా. ఇంటికి పోదాం పదండి."

"ఉండమ్మా" అన్నాడాయన. "నీది ఎడమ చేతి వాటం కదా? ఈ అంటు కట్టే చాకుల్ని ఒకవైపే సాన పడతారు. రెండో వైపు చదునుగా ఉంటుంది. కుడి చేత్తో కోస్తే ఆ చదును కొమ్మకి ఆనుతుంది. నీ చేతిలో అది తిరగబడింది, అందుకే లోపలికి తవ్వేస్తోంది. ఎంత పనిమంతులైనా ఇంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా ఆ చాకులు నూరుతున్నదాన్ని, ఒకవైపే పదునుంటుందని నాకు తెలియదా? తెలుసు. పక్కనే కూర్చుని ఎడమ చేత్తో కోస్తున్న పిల్లని చూస్తూ కూడా బుర్రకి తట్టలేదు. చాకు తప్పుని తీసుకొచ్చి ఆ పిల్ల నెత్తిన రుద్దాను.

ఆయన అదే రకంలో ఇంకా సాన పట్టనిది సొరుగులోంచి తీశాడు. చక్రం తిప్పి, రెండో వైపు నిదానంగా సాన పట్టి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. కోడలు చెయ్యి చాపలేదు. నేనే తీసుకుని దాని ఎడమ చేతిలో పెట్టాను.

కోసింది. రెండు కోతలూ తనే కలిపింది, తనే గుమ్మం వైపు ఎత్తింది. వెలుతురు రాలేదు. కొమ్మల్ని కొంచెం తిప్పి మళ్లీ చూసింది. అయినా రాలేదు.

"అత్తయ్యా..." అంది.

"నాది పాపిష్ఠి నోరమ్మా. నన్ను క్షమించు. నీ చేతికి ఏ లోపమూ లేదు" అన్నాను. ఆ పెద్దాయన ముందే అన్నాను. ఆ రోజు నింద వేసింది పదిమంది ముందే కదా.

దాని కళ్లు నిండిపోయాయి. నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.

"మళ్లీ చెప్పండి" అంది. "గట్టిగా. ఇక్కడ కూడా వినబడాలి."

నా గొంతు సంగతి మీకు తెలియదు. పక్క షాపు వాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.