ఇక్కడ మరిచిపోవాలి

నా చిన్నప్పుడు నాకు తెలుగు మాట్లాడటం వచ్చేది, చదవటం వచ్చేది కాదు. భిలాయిలో పుట్టిన మా ఈడు పిల్లలందరిదీ అదే సంగతి. ఇంట్లో అమ్మతో విజయనగరం తెలుగు, వీధిలో హిందీ, బడిలో హిందీ. తెలుగు సంఘం వార్షికోత్సవానికి పాట నేర్చుకోవాలంటే అమ్మ చెబుతూ ఉంటే నేను హిందీ అక్షరాల్లో రాసుకునేదాన్ని. అలా నేర్చుకున్న పాట నోటికి వస్తుంది గానీ లోపలికి దిగదు. తొంభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, స్టేజీ మీద రెండో చరణం దగ్గర నా నోరు పెగల్లేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మైకు వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా, స్మృతి నగర్‌లో మా ఇంటిదాకా ఎండలో పరిగెత్తాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. బొబ్బలు వారానికి మానాయి. ఆ నవ్వు మాత్రం ఏడాది పొడుగునా నా చెవిలోనే ఉంది.

నేను మొండిదాన్ని. ఇప్పుడూ అంతే, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. మరుసటి ఏడాది అదే స్టేజీ ఎక్కాలని, ఒక్క ముక్క కూడా మరిచిపోకుండా పాడి దిగాలని ఆ బొబ్బల కాళ్ళతోనే తీర్మానించుకున్నాను. అమ్మకు ఇష్టం లేదు, మళ్ళీ బేఇజ్జతీ ఎందుకని ఆవిడ బాధ. సంఘం సెక్రటరీగారికీ ఇష్టం లేదు. ఆయన నెహ్రూ నగర్‌లో ఉండే ఇంజనీరు, మడత నలగని చొక్కాల మనిషి. పోయినసారి మరిచిపోయిన పిల్లలు ఈసారి కింద కూర్చుని చూస్తే బాగుంటుందని మా నాన్నతో మర్యాదగానే అన్నారు. నాకు మిగిలిన దారి ఒక్కటే. మా ఎదురింటి తాతయ్య పాటలో వంత పాడటానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను వెళ్ళి నిలబడ్డాను.

ఎవరూ ముందుకు రాకపోవడానికి కారణం ఆయన వాలకమే. స్టీలు ప్లాంటులో ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్భైకి దగ్గరపడ్డ వయసు. స్టేజీ ఎక్కేది ఏడాదికి ఒక్కసారి, పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం మోకాళ్ళ కిందిదాకా తోకలు వేలాడే తెల్లకోటు, తెల్ల ప్యాంటు, జేబులో ఎర్ర మందారం, చేతిలో వెండిపొన్ను కర్ర. నడిచి ఎక్కడు. పరిగెత్తుకొచ్చి, బూట్ల మీద జర్రున జారి, సరిగ్గా మైకు ముందు ఆగుతాడు. తల ఒక్కసారి విదిల్చాడంటే వెనక్కి దువ్విన జుట్టంతా మొహం మీద పడుతుంది. మేము పిల్లలం ఆ జారడాన్ని వీధిలో అనుకరించి పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన చూసినా కోప్పడేవాడు కాదు. ఆగేటప్పుడు మడమ నొక్కాలి అని గేటు దగ్గరి నుంచే తప్పు దిద్దేవాడు.

ఈ వేషం ఎక్కడిదో రిహార్సల్ మొదటి రోజునే చెప్పాడు. పదహారేళ్ళ వయసులో ఆయన వాల్తేరులో రైల్వే వాళ్ళ క్లబ్బులో గ్లాసులు కడిగేవాడట. అది రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. అక్కడ గ్రామఫోనులో ఒక అమెరికా నల్లజాతి పాటగాడి రికార్డు మోగేది. బ్యాండు ముందు నిలబడి ఆయనే పాడతాడు, ఆయనే బ్యాండును ఆడిస్తాడు. అట్ట మీద బొమ్మలో తెల్లకోటు, ఎగిరే జుట్టు, చెవుల దాకా నవ్వు. తాతయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయితే పాట మధ్యలో ఆ పాటగాడు ఏ భాషా కాని కూతలు కూస్తాడు, వింటున్న జనం అవే కూతలు తిరిగి కూస్తారు. అది అర్థం కావడానికి తాతయ్యకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. మొదటి జీతంతో, దర్జీకి ఆ అట్ట చూపించి, కోటు కుట్టించుకున్నాడు. సముద్రాలకు అవతల ఎవరో పాడిన కూత, యాభై ఏళ్ళు దాటి, వాల్తేరు మీదుగా వచ్చి, తెలుగు చదవలేని నాకు కూడా ఎక్కింది. నాకు హిందీ అక్షరాల అవసరం పడని మొదటి పాట అదే.

పాట ఆయన సొంతం. రెండో షిఫ్టుకు వెళ్ళే మొగుడికి పెళ్ళాం చెప్పే మాటలు. ‘సైరను కూసింది సిన్నోడా, సద్ది కట్టీసినాను సిన్నోడా’ అని ఆయన అంటే, ‘డాబడి డూబడి డై’ అని నేను అందుకోవాలి. నా వెనక జనం అందుకోవాలి. మొదటి చరణంలో సద్ది, రెండో చరణంలో రైలు గేటు దగ్గర సైకిలు పంక్చరు, మూడో చరణంలో ఒళ్ళంతా ఎర్ర దుమ్ముతో ఇంటికి రావడం. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పాట.

ఏటా రెండో చరణం మధ్యలో ఆయన మరిచిపోయేవాడు. కర్ర గాల్లో ఆగిపోయేది, నోరు తెరుచుకుని ఉండేది, డ్రమ్ము ఒక్కటే మోగుతూ ఉండేది. అప్పుడు హాలు వెనకనుంచి అరుపు లేచేది. ఆ వెనక వరసలో కుర్చీలుండవు. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు తలకు హెల్మెట్లు పెట్టుకుని, సైకిళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవారు. కోహ్కా బస్తీ నుంచి వచ్చేవాళ్ళు, ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల నుంచి వచ్చేవాళ్ళు, తెలుగు రానివాళ్ళు కూడా. వాళ్ళే ఆ తర్వాతి మాట అరిచి అందించేవారు. తాతయ్య మొహం వెలిగిపోయి పాట మళ్ళీ ఊపందుకునేది.

సెక్రటరీగారికి అది నచ్చేది కాదు. రిహార్సల్స్ జరుగుతుండగా ఒక సాయంత్రం తాతయ్య ఇంటికి వచ్చి, నేను పక్కనే ఉండగానే చెప్పారు. పెద్దవారు, ఏటా అందరి ముందూ మరిచిపోతుంటే చూడటానికి కష్టంగా ఉంది, ఈసారి కూడా మరిచిపోతే వచ్చే ఏడాదినుంచి రాయపూర్ నుంచి ఆర్కెస్ట్రాను పిలిపిద్దాం అన్నారు. తాతయ్య చేతులు కట్టుకుని విని, అలాగేనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాకూ ఆయనకూ వేసింది ఒకే ముద్ర కదా.

ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు పాటల నోటుబుక్కు తీశాను. రెండో చరణం ఆయనకు బాగా కంఠతా వచ్చేదాకా నేనే చదివించాలనుకున్నాను. తీరా చూస్తే అంతా తెలుగు. అమ్మ గోడ క్యాలెండరు మీద చూపించగా గుర్తున్న నాలుగు అక్షరాలతో కూడబలుక్కుంటూ పోతుంటే, రెండో చరణం మధ్యలో ఎర్ర పెన్సిలుతో ఏదో రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ‘ఇక్కడ మరిచిపోవాలి.’ జీవితంలో నా అంతట నేను చదివిన మొదటి తెలుగు వాక్యం అది.

ఆయన టీ గ్లాసులతో వచ్చి నా వేలు ఎక్కడుందో చూశాడు. నవ్వాడు. దాచాలని ప్రయత్నించలేదు.

“నువ్వు పాడితే ఇంటారే గుంటా. నువ్వు మర్సిపోతే ఆల్లు పాడతారు,” అన్నాడు.

మరి సెక్రటరీగారికి ఈ మాట చెప్పొచ్చు కదా అని నేను పోరాను. చెప్పేస్తే మరి పని చెయ్యదన్నాడు. మనిషి నిజంగా ఆగిపోయాడనుకుంటేనే అవతలివాడు చెయ్యి అందిస్తాడట. షిఫ్టుకు టైమైపోతున్నవాడు, ఒక కాలు పెడలు మీద పెట్టినవాడు, ఆ కాలు మళ్ళీ నేల మీద పెడితేనే పాట పాడినట్టని ఆయన లెక్క. అందుకే అందరూ వద్దనే చివరి టైము ఆయన అడిగి తీసుకునేవాడు. అందుకే జారడం దగ్గరి నుంచి జుట్టు పడటం దాకా పెరట్లో రోజూ సాధన చేసేవాడు. మతిమరుపు ముసలాడని అనిపించుకోవడానికైనా సిద్ధపడ్డాడు. నేను ఆ రోజునుంచి ఆయన్ని చూసి నవ్వడం మానేశాను.

వార్షికోత్సవం ఆదివారం పగటిపూట. మా పాట వచ్చేసరికి ఒంటిగంట కావొస్తోంది. తాతయ్య జారాడు, ఆగాడు, జుట్టు విదిల్చాడు. నేను ‘డాబడి డూబడి డై’ అన్నాను. హాలంతా అంది. రెండో చరణంలో ఎర్ర పెన్సిలు దగ్గర ఆయన మరిచిపోయాడు, వెనకవాళ్ళు అరిచి అందించారు. పక్కన తెర దగ్గర సెక్రటరీగారు తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది. హాలంతా పాడుతుంటే ఆయన మాట ఎవరు వింటారని నాకు నవ్వొచ్చింది. అంతా అనుకున్నట్టే నడుస్తోంది.

మూడో చరణం ఎత్తుకోవాల్సిన చోట తాతయ్య మళ్ళీ ఆగాడు.

అక్కడ ఎర్ర పెన్సిలు లేదు. ఆ సంగతి హాలు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. కర్ర పైకే ఉంది, నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం నవ్వు లేదు. ఎడమచెయ్యి కోటు అంచును నలిపేస్తోంది. పోయినేడాది నా చెయ్యి గౌను అంచును అలాగే నలిపింది. డ్రమ్ము ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. వెనక సైకిలు స్టాండ్లు తీస్తున్న చప్పుడు వినిపించింది. సెక్రటరీగారు తెర దగ్గరి నుంచి ఒక అడుగు ముందుకు వేశారు.

నాకు ఆ మాట తెలుసు. నాలుక చివరే ఉంది. కానీ నేను అందిస్తే, ముసలాయన రెండోసారీ మరిచిపోతే పదేళ్ళ పిల్ల చెప్పిందంటారు. ఆయనకు ఇక ఆ స్టేజీ లేదు. ఏడాదిగా ఒక్క ముక్క మరిచిపోకూడదని పంతం పట్టినదాన్ని, మరిచిపోయింది నేనేనని చెప్పుకోవడానికి ఎంత కష్టపడ్డానో ఇప్పటికీ గుర్తే. ముందు వరసకేసి చూడకుండా మైకు దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“తాతయ్యా, ఈ సరణం నాను ఎత్తుకోవాల, మర్సిపోయాను. ఎనకాల ఉన్న భయ్యాలూ, తర్వాత ఏటి?”

ముందు వరసలో నవ్వారు. అదే కిసుక్కు. కాళ్ళు పరుగుకు సిద్ధమయ్యాయి కూడా. నేను కదల్లేదు. అంతలో తలుపు దగ్గరి నుంచి గొంతులు లేచాయి, ‘ఎర్రటి దుమ్ముతో ఇంటికొచ్చినావు’ అని. ఒకడు హెల్మెట్ తీసి దానితో సైకిలు హ్యాండిలు మీద దరువు వేశాడు. తాతయ్య ఊపిరి తీసుకుని ఆ మాట అందుకున్నాడు. ఆ చరణం ఆయన అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. షిఫ్టువాళ్ళు చివరి ‘డై’ దాకా ఉండి, ఆ తర్వాత ఉరుకులు పరుగుల మీద ప్లాంటుకు పోయారు.

ఇంటికొచ్చాక అమ్మ నా మొహం చూడకుండా అన్నం పెట్టింది. ఆవిడ ఎంత బాధపడిందో నాకు తెలుసు. మళ్ళీ మరిచిపోయిన పిల్లగా ఏడాదంతా ఉన్నాను. నిజం చెప్పేస్తే ఐపోయేది. చెప్పలేదు. ఆ నవ్వు ఈసారి చెవిలో నిలవలేదు కూడా.

మర్నాడు తాతయ్య పిలిచాడు. కోటు ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. నోటుబుక్కు తెరిచి, మూడో చరణం చూపించి, ఎర్ర పెన్సిలు నా చేతిలో పెట్టాడు.

“నిన్న నువ్వు సేసిందే రాయి. తెలుగులో రాయి,” అన్నాడు.

అక్షరాలు ఆయన చెబుతుంటే నేను దిద్దాను. అర్ధగంట పట్టింది. ‘ఇక్కడ పిల్ల మరిచిపోవాలి.’ ‘పిల్ల’లో ల వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెట్టాను.

ఆ మరుసటి ఏడాది రాయపూర్ ఆర్కెస్ట్రా రాలేదు. మరిచిపోయే తాతనూ మరిచిపోయే పిల్లనూ స్టేజీ ఎక్కించాల్సిందేనని షిఫ్టువాళ్ళు సంఘానికి వెళ్ళి అడిగారట. నేను ఇంటర్‌లో చేరేదాకా ఏటా మేమిద్దరం, చెరొక చోట, రాసుకున్నట్టే మరిచిపోయాం. ఆ తర్వాత నోటుబుక్కు నాకిచ్చేశాడు.

ఇప్పుడు నేను బడిలో లెక్కలు చెబుతాను. ఇంట్లో పిల్లలు నన్ను ముసలిదాని కింద జమకట్టేశారు. బోర్డు దగ్గర నిజంగానే దారి తప్పే రోజులుంటాయి. అప్పుడు పారిపోవాలని కాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం లాగుతాయి. మడమ నొక్కి నిలబడతాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చివరి బెంచీ వైపు తిరిగి, తర్వాత ఏటి అని అడుగుతాను.